ఫొటోలో 'సీనియర్ మేజర్', హోదాలో జనరల్: సోవియట్ పోలీసు ర్యాంకుల చరిత్ర

మీ ప్రశ్న సారాంశం ఇది: 1930ల చివరి నాటి ఒక సోవియట్ ఫొటోలో, యూనిఫాం వేసుకున్న అధికారి కాలర్‌కు రెండు వైపులా రెండేసి వజ్రాకారపు బిళ్లలు ఉన్నాయి. కింద 'రాజ్య భద్రత సీనియర్ మేజర్' అని రాసి ఉంది. ఫొటోతో పాటు వచ్చిన వ్యాసం మాత్రం ఆయన ఒక పెద్ద ప్రాంతానికంతటికీ ఎన్‌కేవీడీ (రాజకీయ పోలీసు, మామూలు పోలీసు రెండూ చూసిన అంతర్గత వ్యవహారాల శాఖ) అధిపతి అంటోంది. మేజర్ స్థాయి మనిషి చేతికి అంత అధికారం ఎలా వచ్చింది, అసలు ఆ దేశపు పోలీసుల్లో జనరల్స్ లేరా అని అడిగారు.

ఫొటో నిజమే, వ్యాసమూ నిజమే. మిమ్మల్ని తికమక పెడుతున్నది 'మేజర్' అన్న పేరు ఒక్కటే. ఆ అధికారి సైన్యంలోని మేజర్‌తో సమానం కాదు, ఒక డివిజన్‌ను నడిపే కమాండర్‌తో సమానం. ఈ తేడా అనుకోకుండా వచ్చింది కాదు, 1935లో తెలిసి చేసిన ఏర్పాటు. సోవియట్ పోలీసు ర్యాంకుల గురించి ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది, పేరు కంటే ముందు తేదీ చూడమని. ఏడెనిమిదేళ్లు గడిస్తే చాలు, అదే పేరు మరో స్థాయిని సూచిస్తుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది.

మొదటి నుంచి చెప్పాలంటే 1917కు వెళ్లాలి. రష్యాలో 1722లో పీటర్ చక్రవర్తి తెచ్చిన ర్యాంకుల పట్టిక రెండు శతాబ్దాల పాటు ప్రభుత్వోద్యోగుల బతుకును శాసించింది. పద్నాలుగు తరగతులు, ఎవరు ఏ తరగతో దాన్ని బట్టే వారిని ఎలా సంబోధించాలో కూడా నిర్ణయమయ్యేది. బోల్షెవిక్కులు అధికారంలోకి వచ్చిన కొద్ది వారాల్లోనే దీన్ని కూలదోశారు. ఇప్పటి క్యాలెండర్ ప్రకారం నవంబరు 10న కార్మిక మిలీషియా, అంటే మామూలు పోలీసు, ఏర్పాటుకు ఉత్తర్వు వచ్చింది. అదే నెలలో పౌర ర్యాంకులు రద్దయ్యాయి. డిసెంబరులో సైనిక ర్యాంకులు, వాటితో పాటు భుజపట్టీలు పోయాయి. తర్వాత జరిగిన అంతర్యుద్ధంలో భుజపట్టీలు వేసుకున్నవారు బోల్షెవిక్కులకు ఎదురు నిలిచిన శ్వేత సైన్యం అధికారులే కాబట్టి, 'బంగారు భుజపట్టీలవాడు' అన్నది ఎర్ర సైనికుల నోట తిట్టుగా స్థిరపడింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ భుజపట్టీలే పాతికేళ్లకు తిరిగి రావడం ఎంత పెద్ద మార్పో అప్పుడు అర్థమవుతుంది.

ర్యాంకులు రద్దు చేసినా, ఎవరు ఎవరికి ఆజ్ఞ ఇవ్వాలన్న అవసరం రద్దు కాలేదు. అందుకే 1920లలో హోదా మనిషికి కాక పదవికి అంటిపెట్టుకుని ఉండేది. కాలర్ మీద చిన్న లోహపు బిళ్లలు పెట్టుకునేవారు: త్రిభుజాలు కింది స్థాయికి, చతురస్రాలు ఆ పైవారికి, దీర్ఘచతురస్రాలు మధ్యస్థాయి అధికారులకు, వజ్రాకారాలు అందరికన్నా పైవారికి. దీర్ఘచతురస్రాన్ని సైనికులు రైలు పట్టాల కింద వేసే స్లీపర్ పేరుతో పిలిచేవారు. పదవి మారితే బిళ్లలూ మారేవి. ఫలానా శాఖ అధిపతి అన్న ఉద్యోగానికే ఆ గుర్తు, అక్కడ కూర్చున్న వ్యక్తికి కాదు. మనకు తెలిసిన ఉదాహరణ చెప్పాలంటే, హైదరాబాద్ పోలీసు కమిషనర్ అన్నది ఒక పదవి. ఆ కుర్చీలో కూర్చునే ఐపీఎస్ అధికారికి విడిగా తన ర్యాంకు ఉంటుంది. 1920ల సోవియట్ వ్యవస్థలో ఆ రెండోది లేదు.

1935లో అది తిరిగి వచ్చింది. సెప్టెంబరు 22న సైన్యంలో వ్యక్తిగత ర్యాంకులు ప్రవేశపెట్టారు. లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్, కల్నల్ అన్న పాత పేర్లు మళ్లీ వినిపించాయి. కల్నల్ దగ్గర మాత్రం ఆగిపోయారు. ఆ పైన బ్రిగేడ్ కమాండర్, డివిజన్ కమాండర్, కోర్ కమాండర్, ఆర్మీ కమాండర్ అని ఉద్యోగాన్ని బట్టి పేర్లు పెట్టి, శిఖరాన మార్షల్‌ను నిలిపారు. 'జనరల్' అన్న పేరుకు జారు కాలపు వాసన అప్పటికింకా పోలేదు.

రెండు వారాలు తిరగగానే, అక్టోబరు 7న, ఎన్‌కేవీడీలోని రాజ్య భద్రత విభాగానికి ప్రత్యేక ర్యాంకులు వచ్చాయి. మీ ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. కింది నుంచి చూస్తే సార్జెంట్, జూనియర్ లెఫ్టినెంట్, లెఫ్టినెంట్, సీనియర్ లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్, సీనియర్ మేజర్; ఆ పైన మూడో ర్యాంకు, రెండో ర్యాంకు, మొదటి ర్యాంకు కమిస్సార్లు; అందరి మీదా జనరల్ కమిస్సార్. ఈ చివరి పేరులోని 'జనరల్' సైనిక ర్యాంకు కాదు, జనరల్ సెక్రటరీ అన్నప్పటి 'జనరల్' లాంటిదే. కమిస్సార్లకు కింద పేర్లు చాలావరకు సైన్యం తరహావే, కానీ మెట్లు పైకి జరిపారు. భద్రత విభాగంలో సార్జెంట్ అంటే సైన్యంలో లెఫ్టినెంట్. ఇక్కడి కెప్టెన్ అక్కడి కల్నల్. ఇక్కడి మేజర్ బ్రిగేడ్ కమాండర్, సీనియర్ మేజర్ డివిజన్ కమాండర్. జనరల్ కమిస్సార్ మార్షల్‌తో సమానం.

ఎందుకిలా చేశారు? నా అభిప్రాయంలో, ప్రభుత్వం ఎవరి మీద ఆధారపడి నిలబడాలనుకున్నదో ఈ పట్టిక నేరుగా చెబుతోంది. 1934 జులైలో పాత రాజకీయ పోలీసు సంస్థ ఓజీపీయూను కలుపుకుని అఖిల సోవియట్ ఎన్‌కేవీడీ ఏర్పడింది. అదే ఏడాది డిసెంబరు 1న లెనిన్‌గ్రాడ్‌లో అక్కడి పార్టీ అధిపతి కీరోవ్ హత్య జరిగింది. ఆ తర్వాత రాజకీయ పోలీసుల పలుకుబడికి హద్దు లేకుండా పోయింది. కల్నల్ హోదా ఉన్న సైనికాధికారి ఎదుట ఒక 'కెప్టెన్' సమాన స్థాయిలో కూర్చుని ప్రశ్నలు వేయగలిగాడంటే దాని వెనుక ఈ ర్యాంకుల పట్టిక ఉంది.

గుర్తుల దగ్గర ఒక చిక్కు ఉంది. 1935 నుంచి 1937 దాకా ఈ విభాగం వారికి వజ్రాకారాలు లేవు. చేతి మడత దగ్గర కుట్టిన నక్షత్రాలతో హోదా తెలిసేది. బయటివారికి అది అంతుపట్టేది కాదు. 1937 జులైలో సైన్యం పద్ధతిలో కాలర్ బిళ్లలకు మారారు. అప్పటి నుంచి మేజర్‌కు ఒక వజ్రం, సీనియర్ మేజర్‌కు రెండు, మూడో ర్యాంకు కమిస్సార్‌కు మూడు, రెండో ర్యాంకుకు నాలుగు, మొదటి ర్యాంకుకు నాలుగు వజ్రాలతో పాటు ఒక చిన్న నక్షత్రం. జనరల్ కమిస్సార్‌కు ఒక్క పెద్ద నక్షత్రం. కాబట్టి మీ ఫొటోలో రెండు వజ్రాలు, 'సీనియర్ మేజర్' అన్న పేరు రెండూ కలిసి ఉన్నాయంటే, అది 1937 వేసవికి ముందు తీసినది కాదు, 1943 ఆరంభం తర్వాత తీసినదీ కాదు.

అక్కడ ఆ రెండు బిళ్లల బరువు ఎంతో కూడా చెప్పాలి. 1937 జులై 30న ఎన్‌కేవీడీ అధిపతి యెజోవ్ సంతకంతో 00447 నంబరు ఉత్తర్వు వెలువడింది. ఏ ప్రాంతంలో ఎంతమందిని కాల్చాలో, ఎంతమందిని శిబిరాలకు పంపాలో అందులో కోటాలు రాసి ఉన్నాయి. శిక్షలు వేసేందుకు ప్రతి ప్రాంతంలో ముగ్గురు సభ్యుల త్రయం కూర్చునేది. సాధారణంగా దానికి అధ్యక్షుడు ఆ ప్రాంతపు ఎన్‌కేవీడీ అధిపతే. నిందితుడు ఎదుట ఉండడు, వకీలు ఉండడు, అప్పీలు లేదు. సోవియట్ రికార్డుల లెక్క ప్రకారమే 1937, 1938 రెండేళ్లలో 6,81,692 మందికి మరణశిక్షలు పడ్డాయి. మీ ఫొటోలోని వ్యక్తి ఆ రోజుల్లో ప్రాంతీయ అధిపతిగా ఉంటే, ఆయన అలాంటి త్రయానికి అధ్యక్షత వహించి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ర్యాంకు గుర్తుల మీద ఆసక్తితో ఈ బిళ్లలు సేకరించేవారు చాలామంది ఉన్నారు. ఆ ఆసక్తిని నేను తప్పు పట్టను. కానీ ఆ బిళ్ల పెట్టుకున్న చేయి ఏ కాగితాల మీద సంతకాలు చేసిందో తెలుసుకోకుండా దాని చరిత్ర తెలిసినట్టు కాదు.

ఆ ర్యాంకులు తమ యజమానులను కాపాడాయా అంటే, లేదు. 1935 నవంబరులో అప్పటి ఎన్‌కేవీడీ అధిపతి యగోదా మొదటి జనరల్ కమిస్సార్ అయ్యాడు. 1937 జనవరిలో ఆ హోదా యెజోవ్‌కు వచ్చింది. యగోదాను రిజర్వుకు పంపి, కొద్ది నెలల్లో అరెస్టు చేసి, 1938 మార్చిలో కాల్చేశారు. యెజోవ్‌ను 1940 ఫిబ్రవరిలో కాల్చేశారు. మూడోవాడు యెజోవ్ తర్వాత ఎన్‌కేవీడీ అధిపతి అయిన బేరియా, 1941 జనవరిలో జనరల్ కమిస్సార్, 1953 డిసెంబరులో అదే అంతం. మొదటి ర్యాంకు కమిస్సార్లుగా 1935లో ఆరుగురిని ప్రకటించారు: అగ్రానోవ్, బలీత్స్కీ, దెరిబాస్, ప్రొకోఫ్యెవ్, రెదెన్స్, జకోవ్‌స్కీ. 1937, 1940 మధ్య ఆరుగురినీ కాల్చి చంపారు. రెదెన్స్ స్టాలిన్‌కు స్వయానా తోడల్లుడు. ఆ చుట్టరికమూ ఆయన్ను కాపాడలేదు.

ఇప్పటిదాకా చెప్పింది రాజకీయ పోలీసుల సంగతి. దొంగతనాలు, ట్రాఫిక్కు, వీధి గొడవలు, 1932 డిసెంబరు నుంచి దేశం లోపలి పాస్‌పోర్టుల వ్యవహారం చూసినది మిలీషియా. మన లెక్కలో అసలైన పోలీసు శాఖ అదే. దానికి 1936 ఏప్రిల్ 26న విడిగా ర్యాంకులు ఇచ్చారు. సీనియర్ మేజర్ దాకా పేర్లు దాదాపు ఒకటే. ఆ పైన మాత్రం మిలీషియా ఇన్‌స్పెక్టర్, మిలీషియా డైరెక్టర్, చీఫ్ డైరెక్టర్. మన దగ్గర ఇన్‌స్పెక్టర్ అంటే సర్కిల్ స్థాయి అధికారి. అక్కడ ఇన్‌స్పెక్టర్ సీనియర్ మేజర్ కంటే పైవాడు. ఇంకో సంగతి గమనించండి. ఆ కాలంలో మిలీషియా ప్రధాన కార్యాలయానికి అధిపతిగా ఉన్న బేల్స్కీ వేసుకున్నది మిలీషియా ర్యాంకు కాదు, రాజ్య భద్రత రెండో ర్యాంకు కమిస్సార్ హోదా. రెండు శాఖల్లో ఏది పెద్దదో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

యుద్ధం అన్నిటినీ మార్చింది. సైన్యంలో 1940 మే 7న జనరల్ ర్యాంకులు వచ్చాయి. 1943 జనవరి 6న భుజపట్టీలు తిరిగి వచ్చాయి. స్టాలిన్‌గ్రాడ్ పోరు చివరి ఘట్టంలో ఉన్న రోజులవి. అంతర్యుద్ధంలో ఆ పట్టీలకు ఎదురు నిలిచి పోరాడిన మనుషులే ఇప్పుడు వాటిని తమ భుజాలకు కుట్టించుకున్నారు. ప్రభుత్వం అప్పటికి కూతుజోవ్, సువోరోవ్ లాంటి జారు కాలపు సేనానుల పేర్లతో పతకాలు కూడా ఇస్తోంది. దేశభక్తిని మేల్కొల్పడానికి పాత రష్యా అవసరమైంది, భుజపట్టీ దానిలో భాగం.

నెల తర్వాత, 1943 ఫిబ్రవరి 9న, పోలీసుల వంతు. కల్నల్, లెఫ్టినెంట్ కల్నల్ ర్యాంకులు వచ్చాయి, సీనియర్ మేజర్ పేరు శాశ్వతంగా పోయింది. రాజకీయ పోలీసుల 'రెండు మెట్ల' ఆధిక్యం కూడా పేరులో కనిపించకుండా పోయింది. అప్పటి నుంచి మేజర్ అంటే మేజరే. కానీ శిఖరం దగ్గర కమిస్సార్లు అలాగే ఉన్నారు. మిలీషియాలో డైరెక్టర్లు పోయి, వారి స్థానంలో మూడో, రెండో, మొదటి ర్యాంకు మిలీషియా కమిస్సార్లు వచ్చారు. భుజాల మీద చూస్తే వారు జనరల్సే: వంకర టింకర గీతల అల్లికతో వెడల్పాటి పట్టీ, మూడో ర్యాంకుకు ఒక పెద్ద నక్షత్రం, రెండో ర్యాంకుకు రెండు, మొదటి ర్యాంకుకు మూడు. మన కళ్లకు ఇక్కడ మోసం జరుగుతుంది. మన దగ్గర ఒక్క స్టార్ అంటే ఏఎస్‌ఐ, రెండు అంటే ఎస్‌ఐ. సోవియట్ పట్టీ మీద నక్షత్రాలు లెక్కపెట్టే ముందు పట్టీ చూడాలి. నునుపైన పట్టీ మీద ఒక నిలువు గీత, చిన్న నక్షత్రాలు ఉంటే జూనియర్ అధికారి. రెండు గీతలుంటే మేజర్ నుంచి కల్నల్ దాకా. గీతలు లేకుండా అల్లిక ఉంటే, దాని మీద ఒక్క నక్షత్రమే ఉన్నా, అది జనరల్ స్థాయి.

1945లో ఇద్దరి దారులు విడిపోయాయి. జులై 6 నాటి ఉత్తర్వుతో రాజ్య భద్రత అధికారులకు నేరుగా సైనిక ర్యాంకులు ఇచ్చారు. జులై 9న బేరియా సోవియట్ యూనియన్ మార్షల్ అయ్యాడు, మెర్కులోవ్ ఆర్మీ జనరల్, అబకూమోవ్, సెరోవ్, క్రుగ్లోవ్, బొగ్దాన్ కొబులోవ్ కల్నల్ జనరల్స్. తమ జీవితంలో ఒక సైనిక దళాన్ని యుద్ధరంగంలో నడపని మనుషులు, బెర్లిన్ దాకా నడిచి వెళ్లిన సేనానులతో సమానమైన నక్షత్రాలు పెట్టుకున్నారు. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం ఇదే. ముందు వరుసలో నాలుగేళ్లు నెత్తురు ధారపోసిన సైన్యానికి అంతకన్నా అవమానం ఏముంటుంది? పై జాబితాలో మెర్కులోవ్, కొబులోవ్ 1953లో బేరియాతో పాటే మరణశిక్షకు గురయ్యారు, అబకూమోవ్ 1954లో. సెరోవ్ తర్వాత కేజీబీ (రాజ్య భద్రత శాఖ కొత్త పేరు) మొదటి అధ్యక్షుడై, 1955లో ఆర్మీ జనరల్ అయ్యాడు. 1963లో పెన్‌కోవ్‌స్కీ అనే సోవియట్ అధికారి గూఢచర్యం కేసు బయటపడ్డాక ఆయన్ను మేజర్ జనరల్‌కు దించారు. నాలుగు నక్షత్రాల నుంచి ఒక్క నక్షత్రానికి. స్టాలిన్ మరణం తర్వాత, ముఖ్యంగా 1954, 1955లలో, భద్రత శాఖలో జనరల్ హోదా పూర్తిగానే పోగొట్టుకున్నవారు కూడా చాలామంది ఉన్నారు.

మిలీషియాకు మాత్రం జనరల్స్ రావడానికి 1973 దాకా పట్టింది. ముప్పై ఏళ్ల పాటు ఒక నగర పోలీసు అధిపతి భుజం మీద జనరల్ నక్షత్రం, కాగితం మీద 'కమిస్సార్'. మధ్యలో ఆ శాఖ ఎన్ని చేతులు మారిందో చూడండి: 1949లో రాజ్య భద్రత మంత్రిత్వ శాఖ కిందికి, 1953లో తిరిగి హోం శాఖ కిందికి, 1960 జనవరిలో కేంద్ర హోం శాఖనే రద్దు చేసి రిపబ్లిక్కులకు అప్పగింత, 1966లో మళ్లీ కేంద్ర మంత్రిత్వ శాఖ, 1968లో పాత పేరు. ఇలా నిలకడ లేని శాఖకు గౌరవం తెచ్చినవాడు 1966లో మంత్రి అయిన షెలకోవ్. జీతాలు పెంచాడు, 1969లో ఎర్ర అంచులతో కొత్త బూడిద రంగు యూనిఫాం తెచ్చాడు. 1973 అక్టోబరు 23 నాటి ఉత్తర్వుతో మూడో ర్యాంకు కమిస్సార్ మిలీషియా మేజర్ జనరల్ అయ్యాడు, రెండో ర్యాంకు కమిస్సార్ మిలీషియా లెఫ్టినెంట్ జనరల్. మీరు అడిగిన 'పోలీసు జనరల్' పూర్తి పేరుతో కనిపించినది అప్పుడే.

తర్వాత నక్షత్రాల పంట పండింది. 1976 మేలో బ్రెజ్నెవ్ మార్షల్ అయ్యాడు. అదే ఏడాది సెప్టెంబరు 10న ఒకే రోజు ఇద్దరిని ఆర్మీ జనరల్స్ చేశారు: హోం మంత్రి షెలకోవ్, కేజీబీ అధిపతి ఆంద్రోపోవ్. ఒకరంటే ఒకరికి పడని ఇద్దరికి ఒకే తూకం. బ్రెజ్నెవ్ అల్లుడు చుర్బానోవ్ హోం శాఖలో మొదటి ఉప మంత్రి అయి కల్నల్ జనరల్ దాకా ఎదిగాడు. 1982 నవంబరులో బ్రెజ్నెవ్ మరణించి ఆంద్రోపోవ్ అధికారంలోకి రాగానే, డిసెంబరులో షెలకోవ్ పదవి ఊడింది. అవినీతి ఆరోపణల మీద 1984 నవంబరు 6న ఆర్మీ జనరల్ హోదా తీసేశారు. డిసెంబరు 13న ఆయన ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి తనకు హక్కు లేని జనరల్ పరేడ్ యూనిఫామే ఆయన ఒంటి మీద ఉందని చెబుతారు. చుర్బానోవ్‌కు 1988 డిసెంబరులో పన్నెండేళ్ల శిక్ష పడింది.

మిగతా కమ్యూనిస్టు దేశాలన్నీ ఈ దారినే నడవలేదు. చైనా పోలీసులకు 1992 జులై 1న చట్టం వచ్చేదాకా ర్యాంకులే లేవు. అప్పుడు కూడా జనరల్, కల్నల్ పేర్లు తీసుకోకుండా కమిషనర్, సూపరింటెండెంట్ వంటి అర్థాలిచ్చే పేర్లతో అయిదు శ్రేణులు, పదమూడు మెట్లు పెట్టుకున్నారు. సైన్యంతో పోల్చే అవసరమే రానివ్వని ఆ పద్ధతి నాకు మెరుగైనదిగా తోస్తుంది. వియత్నాం మాత్రం సోవియట్ పద్ధతికే దగ్గరగా నిలిచింది. అక్కడి ప్రజా భద్రత శాఖలో పూర్తి స్థాయి జనరల్ ర్యాంకు ఇప్పటికీ ఉంది. 2019లో ఆ ర్యాంకు అందుకున్న తో లామ్ 2024 ఆగస్టులో పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు.

మీ ఫొటో దగ్గరికి వస్తే, మూడు సంగతులు చూడండి. ఎడమ చేతి మీద నిలువు కత్తితో అండాకారపు గుర్తు ఉంటే ఆయన రాజ్య భద్రత విభాగం మనిషే, మిలీషియా కాదు. రెండోది, ఫొటోలో పక్కన నిలబడిన సైనికాధికారుల కాలర్ మీద నక్షత్రాలు ఉంటే అది 1940 మే తర్వాతది. వారికీ వజ్రాలే ఉంటే అంతకు ముందుది కావచ్చు. మూడోది, ఆ వ్యాసంలో ఉన్న పేరుతో ఆ ప్రాంతపు అధిపతిగా ఆయన ఏ నెలలో వచ్చాడు, ఏ నెలలో పోయాడు అన్నది వెతకండి. 1937, 1938లలో ఆ కుర్చీలో ఒకే మనిషి రెండేళ్లు కూర్చోవడం అరుదు కాబట్టి, ఆ తేదీలు దొరికితే ఫొటో తీసిన కాలం కొద్ది నెలల తేడాలోకి వచ్చేస్తుంది.